చర్మం కరుగుతుందని పప్పు మానేశారు, కరుగుతున్నది కండ

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. పది నెలల్లో 92 కిలోల నుంచి 69కి వచ్చాను. రోజూ మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం చేస్తాను. వారానికి రెండు రోజులు వరసగా నీళ్లు, నిమ్మరసంతోనే ఉంటాను. బరువు తగ్గినందుకు సంతోషమే కానీ జబ్బల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది. మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకుంటున్నాను. ఉపవాసంలో ఆటోఫజీ జరిగి శరీరం ఆ వదులు చర్మాన్నే తినేస్తుందనీ, ప్రోటీన్ తింటే అది ఆగిపోతుందనీ ఒక వీడియోలో చూసి రెండు నెలలుగా గుడ్లు, పప్పు మానేశాను. స్కాట్లాండులో ఒకాయన 382 రోజులు ఏమీ తినకుండా ఉండి సన్నబడితే చర్మం అసలు వేలాడలేదట. మా ఆడపడుచు మాత్రం ప్రోటీన్ పొడి తాగమంటోంది. ఈ మధ్య జుట్టు బాగా రాలుతోంది. ఇదివరకు 20 లీటర్ల నీళ్ల టిన్ను నేనే ఎత్తి స్టాండు మీద పెట్టేదాన్ని, ఇప్పుడు మా అబ్బాయిని పిలవాల్సి వస్తోంది. అసలు ఎంత ప్రోటీన్ తినాలి? చర్మం ఎప్పటికైనా బిగుస్తుందా? నన్ను చూసి మా వారు కూడా ఉపవాసాలు మొదలుపెట్టారు. ఆయన షుగరు మాత్రలు వాడతారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు మీ వారి సంగతి, అమ్మా. చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, ఆలస్యం చేయకూడని విషయం అదే. షుగరు మాత్రలన్నీ ఒకటి కావు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి మనిషి తిన్నాడా లేదా అని చూడవు. క్లోమాన్ని తొందరపెట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. కడుపు ఖాళీగా పెట్టి వాటిని వేసుకుంటే చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమకతో మొదలై స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలది మరో చిక్కు. వాటితో నిరాహారంగా ఉంటే, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుపోయే ప్రమాదం ఉంది, అదీ మీటరులో చక్కెర మరీ ఎక్కువగా కనిపించకుండానే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఆయన వేసుకునే మాత్రల అట్టలు పట్టుకొని ఈ వారమే డాక్టరును కలవండి. అప్పటిదాకా ఆయన సొంతంగా మాత్రలూ మానకూడదు, భోజనాలూ మానకూడదు.

ఇక మీ విషయం. పది నెలల్లో 23 కిలోలంటే సగటున వారానికి అరకిలో కాస్త పైన. ఆ వేగంలో తప్పు పట్టాల్సింది లేదు. చాలామంది ఇంతకు రెట్టింపు వేగంతో తగ్గి, పిత్తాశయంలో రాళ్లు తెచ్చుకొని వస్తారు. మీ ఇబ్బంది ఈ రెండు నెలలది.

ఆటోఫజీ కట్టుకథ కాదు. కణం తనలో పాడైన భాగాలను తానే విడగొట్టి ఆ సరుకును మళ్లీ వాడుకునే పద్ధతి అది. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి యీస్ట్ కణాలకు పోషకాలు అందకుండా చేసి, ఆ పని ఎలా జరుగుతుందో, ఏ జన్యువులు దాన్ని నడిపిస్తాయో తేల్చారు. అందుకు 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. వీడియోలవాళ్లు ఇంతవరకు నిజమే చెబుతారు. ఆ తర్వాత యీస్ట్ కణం నుంచి ఒక్క గంతులో మీ జబ్బ మీది చర్మం దగ్గరికి వచ్చేస్తారు. చర్మానికి గట్టిదనం ఇచ్చేవి కొలాజెన్ పోగులు, సాగిన చర్మాన్ని వెనక్కి లాగేవి ఎలాస్టిన్ పోగులు. ఈ రెండూ ఉండేది కణాల లోపల కాదు, కణాల మధ్య అల్లుకొని. ఇల్లు ఎంత బాగా ఊడ్చుకున్నా వీధిలో వేలాడే కేబులు తీగలు పోవు కదా! ఉపవాసం వల్ల మనిషి చర్మం ఇంత విస్తీర్ణం తగ్గిందని కొలిచి చూపిన పరీక్ష ఏదీ నా కంటపడలేదు. వీడియోలో మీకు చూపించి ఉంటే అది ఫొటోలే అయి ఉంటుంది. వెలుతురు ఎటు పడుతోంది, కడుపు ఎంత బిగబట్టారు అన్నదాన్ని బట్టి ఫొటో మారిపోతుంది.

స్కాట్లాండు కథలోని మనిషి పేరు ఆంగస్ బార్బియేరి. 1965లో మొదలుపెట్టి 382 రోజులు ఘనాహారం లేకుండా ఉన్నది నిజమే. 207 కిలోల నుంచి 82కి వచ్చాడు. కానీ అప్పటికి అతని వయసు 27. డండీ నగరంలోని ఆస్పత్రి వైద్యులు అతన్ని కనిపెట్టుకొని ఉన్నారు. విటమిన్లు, కొంతకాలం యీస్ట్, పొటాషియం ఇచ్చారు. 1973లో ప్రచురించిన నివేదికలో వాళ్లు ప్రధానంగా పట్టించుకున్నది రక్తంలోని చక్కెరను, లవణాలను. ఒక్క మనిషి అనుభవం నుంచి, అందులోనూ ఇరవై ఏడేళ్ల కుర్రవాడి అనుభవం నుంచి, నలభై దాటిన మీ చర్మం గురించి ఏమీ తేల్చలేం.

ప్రోటీన్ అందకపోతే శరీరం దేన్ని తింటుందో మాత్రం స్పష్టంగా తెలుసు. భోజనం ఆగాక కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌తో, అంటే చక్కెర నిల్వతో, దాదాపు ఒక రోజు గడుస్తుంది. మెదడుకు రోజుకు వంద గ్రాములకు పైగా గ్లూకోజు కావాలి, కొవ్వు నుంచి తయారయ్యేదేమో చాలా కొద్ది. దాంతో శరీరం కండరాల్లోని ప్రోటీన్‌ను విడగొట్టి, కాలేయంలో గ్లూకోజుగా మార్చుకుంటుంది. అమెరికా వైద్య పరిశోధకుడు జార్జ్ కాహిల్ 1960లలో దీర్ఘకాలం నిరాహారంగా ఉన్నవారిని పరిశీలించి ఈ లెక్క కట్టారు. మొదటి రోజుల్లో రోజుకు సుమారు 75 గ్రాముల శరీర ప్రోటీన్ ఖర్చవుతుంది. మెదడు కీటోన్లకు అలవాటు పడ్డాక, వారాల తర్వాత, అది 20 గ్రాముల దగ్గరికి దిగుతుంది. కండలో అయిదో వంతే ప్రోటీన్, మిగిలింది చాలావరకు నీరు. కాబట్టి అంతా కండ నుంచే పోకపోయినా, ఒక్క రోజు లెక్క పావుకిలో కండ దాకా వెళ్లగలదు.

మీ పద్ధతిలో మెలిక ఇక్కడే ఉంది. వారం వారం రెండు రోజుల నిరాహారమంటే ప్రతిసారీ ఆ ఖరీదైన మొదటి రోజుల్లోకే దిగడం. శరీరం పొదుపు నేర్చుకునేలోగా మళ్లీ భోజనం మొదలవుతుంది. మిగతా అయిదు రోజులు ప్రోటీన్ బాగా తిని, బరువులెత్తే వ్యాయామం చేసేవారు ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటారు. మీరేమో ఆ అయిదు రోజులూ కప్పు అన్నం, కూర, మజ్జిగతో సరిపెట్టుకుంటున్నారనుకుంటాను. అదే నిజమైతే రోజుకు 15 గ్రాముల ప్రోటీన్ కూడా దాటదు. నీళ్ల టిన్ను బరువు పెరగలేదు, మీ చేతిలో కండ తగ్గింది. జబ్బ లోపల కండ తగ్గిన కొద్దీ పైన చర్మం మరింత ఖాళీగా వేలాడుతుంది. మీరు పోగొట్టుకోవాలనుకున్న వదులు ఈ రెండు నెలల్లో పెరిగే ఉంటుంది.

రోజులో కొద్ది గంటలే తినే పద్ధతిలోనూ ఈ జాగ్రత్త అవసరమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 116 మందితో పన్నెండు వారాలు జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది మధ్యే తిన్నవారిలో కొందరి శరీరాన్ని వివరంగా కొలిచారు. వాళ్లు తగ్గిన కొద్దిపాటి బరువులో సుమారు 65 శాతం కొవ్వు కాని భాగమేనని తేలింది. మామూలుగా బరువు తగ్గేటప్పుడు ఆ వాటా పావు వంతు, కాస్త అటూఇటూ. వాళ్లకు ఇంత ప్రోటీన్ తినమని గానీ, వ్యాయామం చేయమని గానీ ఎవరూ చెప్పలేదు. గడియారం చూసి తిన్నారంతే.

మరి ఎంత తినాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాములు. అది మామూలుగా తింటూ, బరువు నిలకడగా ఉన్నవారి మాట. తగ్గుతున్నవారికి, అందులోనూ నలభై దాటినవారికి, 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. ఇప్పుడున్న బరువుతో కాకుండా మీ ఎత్తుకు తగిన బరువుతో లెక్కేయండి. మీకు 58 కిలోలు అనుకుంటే 70 నుంచి 85 గ్రాములు. రోజూ 70 దాటితే చాలు, గ్రాము గ్రాముకూ తూకం పెట్టనక్కర్లేదు. ఒక షరతు ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించుకొని మొదలుపెట్టండి.

డెబ్బై గ్రాములను ఒక్క పూటలో తినడం కష్టం. పొట్ట నిండిపోతుంది, విసుగు పుడుతుంది, నాలుగో రోజుకే మానేస్తారు. అందుకే ఒంటిపూటను రెండు పూటలు చేయండి. పదకొండుకు ఒకటి, సాయంత్రం ఆరున్నరకు ఒకటి అనుకుందాం. మిగతా పదహారు గంటలు ఉపవాసమే, మీకు అలవాటైన క్రమం పెద్దగా చెడదు. ఉదయం పూట పిడికెడు పైన, అంటే 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు. పెసల నుంచి 14, గుడ్ల నుంచి 12, పాల నుంచి 6, మొత్తం 32 గ్రాములు. సాయంత్రం 120 గ్రాముల కోడిమాంసం గానీ చేప గానీ, 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, కప్పు పెరుగు, కొద్దిగా అన్నం, ఆకుకూర. అది 40 గ్రాముల దాకా వస్తుంది. కాకినాడలో ఉన్నవారికి చేప సంగతి నేను చెప్పాలా?

పప్పు దగ్గర మన ఇళ్లలో ఒక భ్రమ ఉంది. పప్పు తిన్నామంటారు గానీ, నలుగురికి కలిపి గుప్పెడు కందిపప్పు వేసి, చెంబెడు నీళ్లు పోసి చేసిన పప్పుచారులో ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు గ్రాములే. గరిటె నిలబడేంత గట్టిగా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. కార్తీక మాసంలోనో శనివారాల్లోనో నీచు ముట్టని రోజుల్లో మీల్ మేకర్ మంచి ఆసరా. పొడిగా ఉన్నప్పుడు తూచిన 30 గ్రాముల్లో 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ధర కూడా తక్కువ. దానికి తోడు 75 గ్రాముల పనీరు, పెసరట్లు, గట్టి పప్పు, రెండు కప్పుల పెరుగు, గుప్పెడు వేరుశనగలు ఉంటే ఆ రోజూ గట్టెక్కినట్టే. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతుంది. వాటిలో అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో పుష్కలం, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అన్నంలో దొరుకుతుంది. అన్నాన్ని పూర్తిగా శత్రువును చేయకండి, కప్పు తగ్గించండి చాలు.

మీ ఆడపడుచు చెప్పిన పొడి విషం కాదు, అమృతమూ కాదు. పాల నుంచి తీసిన పొడి అయితే, డబ్బాతో పాటు వచ్చే కొలత చెంచాతో ఒక చెంచాలో 20 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. ప్రయాణాల్లో పనికొస్తుంది. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఇలాంటి పొడులు వద్దనే చెప్పింది. పైన రాసిన భోజనం తినగలిగితే నేనూ అదే అంటాను. కొలాజెన్ పొడి మాత్రం వేరు. దాన్ని మింగితే నేరుగా జబ్బ దగ్గరికి వెళ్లి అతుక్కోదు, మిగతా ప్రోటీన్లలాగే కడుపులో విడిపోతుంది. పైగా అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు కాబట్టి రోజువారీ ప్రోటీన్ లెక్కలో దాన్ని కలపకూడదు. అంత డబ్బుకు ఎన్ని గుడ్లు వస్తాయో ఒకసారి చూసుకోండి.

రెండు రోజుల నిరాహారం ప్రస్తుతానికి ఆపేయండి. ఏకాదశి ఉపవాసం మీ ఇంటి ఆచారమైతే మానమనను. ఆ రోజు పాలు, పెరుగు, వేరుశనగలు తీసుకొని ఉండండి. ఇంకా తగ్గాల్సింది పది, పదకొండు కిలోలే కాబట్టి తొందర లేదు. రెండు వారాలకు కిలో చాలు.

తిండి ఒక్కటే కండను కట్టదు. వారానికి మూడు రోజులు అరగంట బరువుల వ్యాయామం కావాలి. జిమ్ములో చేరడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే చేయవచ్చు. కుర్చీ అంచున కూర్చొని, చేతులు వాడకుండా లేవడం. గోడకు అరచేతులు ఆనించి ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టడం. రెండు లీటర్ల నీళ్ల సీసాను రెండు చేతులతో తల వెనక్కి దించి పైకి ఎత్తడం. జబ్బ వెనక, సరిగ్గా చర్మం వేలాడే చోట ఉండే కండకు పని చెప్పేది ఈ చివరిదే. పన్నెండుసార్లు తేలిగ్గా చేయగలిగిన రోజున బరువు పెంచాలి. ఏడాదంతా అదే సీసాతో చేస్తే కండకు పెరగాల్సిన అవసరం ఉండదు. నడక మంచిదే కానీ చేతులకు అది ఏమీ చేయదు.

ఇక చర్మం. మీరు వదులు చర్మం అనుకుంటున్నదంతా చర్మం కాకపోవచ్చు. అద్దం ముందు నిలబడి జబ్బ కింది భాగాన్ని బొటనవేలు, చూపుడువేలుతో పట్టి చూడండి. తర్వాత అరచేతి వెనక చర్మాన్ని అలాగే పట్టండి. రెండూ ఇంచుమించు అంతే పలచగా ఉంటే అది చర్మమే. వేళ్ల మధ్య మెత్తగా, దళసరిగా తగిలితే లోపల ఇంకా కొవ్వు ఉంది. మీ ఎత్తుకు 69 కిలోలంటే శరీర బరువు సూచిక 27 దగ్గర. భారతీయులకు 23 దాటితేనే అధిక బరువుగా లెక్క. కాబట్టి పొట్ట మీద మీకు దొరికేది చాలావరకు కొవ్వూ చర్మమూ కలిసినదే అయి ఉంటుంది. అందులో కొవ్వు భాగం ఇంకా తగ్గుతుంది. పొట్ట మధ్యలో నిలువుగా ఉబ్బు కనిపిస్తే కాన్పుల్లో విడిపోయిన పొట్ట కండరాలు కావచ్చు. అది ఫిజియోథెరపీ నిపుణులు చూడాల్సిన విషయం.

మిగిలిన అసలు చర్మం ఎంత బిగుస్తుందన్నది మీ చేతిలో లేని వాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. వయసు, ఎన్నేళ్లు ఆ బరువుతో ఉన్నారు, కాన్పులు, వంశం, ఎండ, పొగతాగడం. ఎలాస్టిన్ చాలావరకు చిన్నతనంలోనే తయారవుతుంది. పెద్దయ్యాక సాగి తెగినదాని స్థానంలో మంచిది మళ్లీ పుట్టడం అరుదు. అయినా బరువు నిలకడకు వచ్చాక ఏడాది, రెండేళ్ల దాకా చర్మం కొంత సర్దుకుంటూనే ఉంటుంది. మీ చేతులు ఇప్పటికంటే మెరుగవుతాయి, ఇరవై అయిదేళ్లప్పటిలా మాత్రం కావు. పూతలు రాస్తే బిగుస్తుందని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి. తేమ నిలవడానికి కొబ్బరినూనె రాసుకున్నా చాలు.

పొట్ట మడత కింద మాత్రం జాగ్రత్త. మీ ఊరి ఉక్కపోతలో అక్కడ చెమట నిలిచి ఒరుసుకుపోతుంది, తామర పట్టుకుంటుంది. స్నానం తర్వాత మెత్తని నూలు బట్టతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. ఎర్రబడి దురద పుడితే మందుల దుకాణంలో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకోకండి. అలా ఇచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, తామర మొండిగా మారుతుంది. చర్మవైద్యులకు చూపించండి.

జుట్టు రాలడం బరువు వేగంగా తగ్గినప్పుడు, ప్రోటీన్ తగ్గినప్పుడు రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. కారణం తీరితే కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. అయినా క్రియాటినిన్‌తో పాటు హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, థైరాయిడ్ కూడా చూపించుకోండి. మీ వయసులో ఇనుము లోపం చాలా మామూలు.

శస్త్రచికిత్స గురించి మీరు అడగలేదు, కానీ ఏదో ఒక రోజు అడుగుతారు. నిజంగా మిగిలిపోయిన చర్మాన్ని తీయగలిగేది అదొక్కటే. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చేస్తారు. అంటే మీకు ఇప్పుడిప్పుడే కాదు. చేతికి చేస్తే చంక నుంచి మోచేతి దాకా, పొట్టకు చేస్తే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గీత మిగులుతుంది. జాకెట్టు చేతుల కోసమే అయితే ఆ గీతను రోజూ చూసుకోగలరా అని ముందే ఆలోచించుకోండి. మడత కింద పుండ్లు మానకపోవడం వంటి కారణం ఉంటే అది వేరే లెక్క. ఆరోగ్య బీమా అందానికి చేసే శస్త్రచికిత్సలకు వర్తించదు. వైద్య అవసరం ఉందని సర్జన్ రాసిస్తే పరిశీలిస్తారు. ఆ కాగితం, పుండ్లున్నప్పటి చర్మవైద్యుల చీటీలు దాచి ఉంచుకోండి. ఆపరేషన్ తేదీ ఖరారయ్యేలోగానే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.